తాటిపూడిలో పడవ షికారు

"తొక్కవే దేవీ, తొక్కు!" కోడలితో కలిసి కాళ్లతో తొక్కే పడవెక్కిన గున్నమ్మ, తాటిపూడి జలాశయంలో గిరగిరా తిరుగుతూ పకపకా నవ్వింది.

భావనపాడులో నలభై ఏళ్లు చేపలమ్మినా ఆమె పడవెక్కడం ఇదే మొదలు.

"ఇదీ ఓ పడవేనేటి?" సముద్రంలో వేటాడే మొగుడు ధనరాజు గట్టు మీంచి వెక్కిరించాడు.

అంతలో పడవ మలుపు తిరిగి కనుమరుగైంది. ధనరాజు చటుక్కున లేచాడు. గట్టు వెంట అటూ ఇటూ పరుగెత్తాడు.

"ఒసే గున్నా!"

పావుగంటకి ఇద్దరూ కేరింతలు కొడుతూ వచ్చారు.

"ఏటి మావా, మొకం అలగుంది?"

"పావుగంటకే నా పేణం పోనాదే. ఇన్నేళ్లూ ఒడ్డున నువ్వెలాగున్నావే?"

గున్నమ్మ కోడల్ని దింపి, పక్క సీటు తట్టింది.

"రా మావా, బయపడకు. నాను తోల్తన్నాను!"