పదిహేడో చిలక్కొయ్య

తొమ్మిది చిలక్కొయ్యలకు తొమ్మిది ప్యాంట్లు వేలాడుతున్నాయి.

మేస్త్రి హెన్‌వుడ్ వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు. పొద్దున్నే కింద గనిలో నిప్పంటుకుంది. బిలం నోట్లోంచి నల్లటి పొగ ఆగకుండా వస్తోంది.

నెవాడాలోని ఆ వెండి గనిలో హాజరు పుస్తకం కంటే ప్యాంట్లనే ఎక్కువ నమ్ముతారు. అడుగు అంతస్తుల్లో ఒళ్లు ఉడికిపోయే వేడి. అందుకని దిగేముందు అందరూ షెడ్డులో ప్యాంటు విప్పి, ఎవరి నంబరు చిలక్కొయ్యకు వాళ్లు తగిలించి, ఒట్టి లాగుతో దిగుతారు. పైకొచ్చాక తొడుక్కుని ఇంటికి పోతారు. ప్యాంటు వేలాడుతోందంటే మనిషి కిందే ఉన్నాడని అర్థం. మనిషి ప్రాణానికి ఒక గుడ్డముక్క సాక్ష్యం. తలుచుకుంటే కడుపు మండుతుంది.

మధ్యాహ్నానికి తొమ్మిది మందిని పైకి తెచ్చారు. అందులో ముగ్గురికే ఊపిరుంది.

"తొమ్మిది ప్యాంట్లు, తొమ్మిది మంది. సరిపోయింది," అన్నాడు మేస్త్రి. "ఇక మూసెయ్యండి. గాలి తగిలినంతసేపూ ఆ మంట ఆరదు."

పలకలు, తడిమట్టి తెస్తుండగా గని కూలీ పాస్కో భార్య టామ్‌సిన్ పరుగెత్తుకొచ్చింది. చేతులకు ఇంకా రొట్టెల పిండి ఉంది.

"మా ఆయన ఇంటికి రాలేదయ్యా."

"అతని పదిహేడో నంబరు చిలక్కొయ్య ఖాళీగా ఉందమ్మా. పైకొచ్చాడు, తొడుక్కున్నాడు, పోయాడు. బతికి బయటపడ్డానని ఏ సారా కొట్లోనో కూర్చునుంటాడు."

ఆ ప్యాంటు సంగతి తెలియనివాళ్లు ఆ కొండ మీద లేరు. వారం వారం చిరిగిన జేబులు కుట్టలేక విసిగిపోయిన టామ్‌సిన్, దర్జీ దగ్గర కూర్చుని మరీ కుట్టించిన మందపాటి నీలం డెనిమ్ అది. జేబుల మూలలకు గుర్రం జీనుకు కొట్టే రాగి రివిట్లు. కిందటి ఆదివారం పాస్కో చర్చికి కూడా అదే వేసుకెళ్లాడు. "నీకంటే నీ ప్యాంటే ఎక్కువ కాలం బతికేట్టుందిరా," అని తోటివాళ్లు ఆటపట్టించారు.

టామ్‌సిన్ షెడ్డులోకెళ్లి ఖాళీ చిలక్కొయ్యను చేత్తో తడిమి చూసింది. ప్రాణం కాస్త కుదుటపడింది. అయినా కాళ్లు కదల్లేదు.

గోడకు ఆనుకుని పెరాన్ నిలబడి ఉన్నాడు. పాస్కోను అన్నా అని పిలుస్తూ రోజూ అతని పక్కనే రాయి కొట్టేవాడు. ఇవాళ అందరికంటే ముందు పైకొచ్చింది అతనే.

"పెరాన్, మీ అన్న పైకి రావడం చూశావా?"

"ఆ పొగలో ఎవరికెవరు కనిపిస్తారు వదినా."

"చూశావో లేదో ఒక్క మాట చెప్పు. లేదంటే ఈ మేస్త్రి కాళ్లు పట్టుకునైనా ఇంకోసారి మనుషుల్ని దింపిస్తాను."

మేస్త్రి కూడా పెరాన్ వైపు తిరిగాడు. మట్టి పారలు ఆగాయి.

"చెప్పవోయ్. అనుమానముంటే ఇప్పుడే చెప్పు. ఇంకోసారి తొట్టి దింపుతాను."

పెరాన్ తల వంచి తన చిరుగుల ప్యాంటు వైపే చూస్తున్నాడు. మొహమంతా చెమట.

"ప్యాంటు లేదుగా వదినా. వచ్చే ఉంటాడు."

టామ్‌సిన్ కళ్లు తుడుచుకుంది. ఏడుపులోనే నవ్వొచ్చింది.

"రానీ ఇంటికి, చెప్తాను ఆయన పని. పొద్దుట్నుంచీ నా ప్రాణాలు తోడేశాడు. నువ్వు కూర్చో పెరాన్, అలా బిగుసుకుపోయి నిలబడ్డావేంటి?"

"కాలు కాలింది వదినా. వంగడం లేదు."

"అయ్యో. సాయంత్రం ఇంటికి రా, మందు రాస్తాను. మీ అన్న కూడా ఉంటాడు."

ఆమె సారా కొట్లు ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కొండ దిగింది. వెనకాల బిలం నోటికి ఆఖరి పలక దిగింది. సందుల్లో మట్టి మెత్తారు. పొగ ఆగిపోయింది.

పెరాన్ ఎవరితోనూ మాట్లాడకుండా తన గుడిసెకు నడిచాడు. లోపల గడియ పెట్టుకున్నాడు.

చిరుగుల ప్యాంటు విప్పాడు. దాని కింద, మందపాటి నీలం గుడ్డ మీద, జేబుల మూలల్లో రాగి రివిట్లు మెరిశాయి.