దిబ్బ మీద నల్లగుడ్డ

“నీళ్ళలో చెయ్యి పెడితే చేప తగులుతోంది రా!” అసెనత ముఖానికున్న అద్దాలు పైకి లాగి పకపకా నవ్వింది.

ఎరోని చెయ్యి అందించి ఆమెను పడవలోకి లాగాడు. తండ్రి పోయిన ఇన్నాళ్ళకి ఆమె నవ్వడం చూసి అతని మనసు తేలికపడింది. ఇద్దరూ ఫిజీ రాజధాని సువాలో సముద్ర పర్యావరణ శాస్త్రం చదువుతున్నారు. వేట మానేస్తే పగడపు దిబ్బ మీదికి చేపలు మళ్ళీ వస్తాయా అన్నది అసెనత పరిశోధన. అది నెగ్గితే పైచదువుకి ఆస్ట్రేలియా. నెగ్గకపోతే చదువుకి అక్కడితో నీళ్ళు వదులుకోవడమే.

ఈ దిబ్బ అసెనత సొంతూరిది. పోయినేడు ఇదే ఊరివాళ్ళు, వేట ఆపమని అడగడానికొచ్చిన ప్రొఫెసర్ని ఒడ్డు నుంచే తిప్పి పంపారు. “చేపలు మానేస్తే మీ యూనివర్సిటీ వచ్చి వండిపెడుతుందా?” అని అందరికంటే గట్టిగా అరిచింది అసెనత మేనత్త విలిమైనానే. ఆ తర్వాత అసెనత తండ్రి రాతు సెవనాయా పోయాడని తెలిసింది. తోటల్లో పనికని న్యూజిలాండ్ వెళ్ళిన ఊరిదొర అక్కడే గుండె ఆగి పోతే అక్కడే పూడ్చిపెట్టారట. ఆ కబురు కూతురే మోసుకొచ్చింది. ఊరు ఊరంతా గొల్లుమంది. ఆచారం ప్రకారం దిబ్బ మీద గుంజ పాతి నల్లగుడ్డ కట్టారు. దొర కోసం సముద్రానికి తంబు, అంటే వేట నిషేధం, పడింది. ఆ గుడ్డ దిగేదాకా ఎవరూ వల ముట్టరు.

తండ్రి చావు కూతురి చదువుకి భలే కలిసొచ్చిందని క్లాసులో ఒకడు వాగితే, ఎరోని వాణ్ణి కొట్టినంత పని చేశాడు.

నూరు రాత్రులు నిండాయి. ఇవాళ గుడ్డ దింపాలి. ఆడవాళ్ళు వలలు ముందేసుకుని ఒడ్డున కూర్చున్నారు. విలిమైనా తన ఇంట్లో కూర్చోబెట్టి ఇద్దరికీ ఉడికించిన కర్రపెండలం, ఉప్పు పెట్టింది. ఆమె బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి.

“అత్తా, గుడ్డ ఇప్పుడే దింపొద్దు. కొత్త సంవత్సరం దాకా ఉంచుదాం” అంది అసెనత.

“అదేమిటే తల్లీ! నూరు రాత్రులేగా ఆచారం?”

“మామూలు దొరలకి నూరు. మా నాన్న మామూలోడా?”

దొర కూతురి మాటకి విలిమైనా తలూపింది. లోపల గదిలో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది.

“కోడలికి పాలు పడటం లేదే” విలిమైనా గొంతు తగ్గించింది. “పచ్చి బాలింత. చేపల పులుసు పడితే గానీ పాలు రావు. దాని ఒక్కదాని కోసం, రెండంటే రెండు చేపలు. మా అన్న ఏమీ అనుకోడు.”

“ఆయన అనుకోడు. నేననుకుంటాను. నాన్న మీద పిడికెడు మన్ను కూడా వెయ్యలేదు మీరెవ్వరూ. ఈపాటి కూడా చెయ్యలేరా?”

ఎరోనికి ప్రాణం చివుక్కుమంది. “రెండు చేపలకి నీ లెక్కేం తప్పుతుందే?” అన్నాడు చెవిలో.

“నోర్ముయ్. గుడ్లు పెట్టే కాలం ఇప్పుడే మొదలవుతోంది. ఇవాళ రెండంటారు, రేపు బుట్టలకి బుట్టలు పట్టుకుపోతారు.”

విలిమైనా కళ్ళు తుడుచుకుంది. “తప్పయింది తల్లీ. చిన్నప్పుడు తన వాటా చేప నాకు పెట్టేసి పస్తు ఉండేవాడు మా అన్న. అన్న కోసం నేను మాడలేనా?” అని బయటికి నడిచింది. వలలు చుట్టెయ్యమని ఆడవాళ్ళకి ఆమే చెప్పింది. వాళ్ళు చుట్టేశారు.

ఎరోని తిరుగు పడవ ఎక్కాడు. బిడ్డ ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. కానీ కన్నతండ్రి కడచూపు కూడా దక్కని పిల్ల, దుఃఖం ఎవరినైనా ఇలాగే రాయి చేస్తుందేమో అని సర్దిచెప్పుకున్నాడు. నల్లగుడ్డ పక్కనుంచి వెళ్తున్నప్పుడు టోపీ తీసి తలవంచాడు. అసెనత ఆ వైపే చూడలేదు. చేపల లెక్కలు రాసుకుంటోంది.

ఊళ్ళో ఫోన్లు పలకవు. దిబ్బ దాటితే గానీ సిగ్నల్ రాదు. దాటీ దాటగానే ఆమె ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి, నీళ్ళ చప్పుడుకి రెండో చెవి మూసుకుంది.

“నాన్నా, ఈ క్రిస్మస్‌కి ఊరికి రాకు” అంది.