మొదటి ముద్ద

"ఎవరయ్యా నువ్వు? మా ఆయన కంచంలో చెయ్యి పెడతావా?"

నాగులమ్మ అరిచే లోపలే ఆ గడ్డమాయన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి మింగినాడు. లేచి, దర్గా గోడ నీడకు పోయి కూర్చున్నాడు.

సిగ్గూ ఎగ్గూ లేని మనిషి, అనుకుంది నాగులమ్మ.

అది పంతొమ్మిది వందల యాభై తొమ్మిదో సంవత్సరం. ఆమె మొగుడు కామాక్షయ్యది విడవలూరు అవతల సముద్రపొడ్డున పల్లె. చేపల వేటలో చెయ్యి తిరిగినవాడు. కాలవ పడవలోళ్ళతో చేరి గంజాయి మరిగినాడు. మొదట సాయంత్రాలు మాత్రమే. తర్వాత పొద్దున లేస్తే అదే. ఆ తర్వాత గోడలు మాట్లాడుతున్నాయన్నాడు. చివరికి పెళ్ళాం మీదకే తిరిగినాడు.

"నా కూట్లో విషం కలుపుతున్నావు."

అప్పటినుంచి ఆమె వండింది ముట్టలేదు. వాళ్ళింటా వీళ్ళింటా ఇంత గంజి తాగి, ఎముకల గూడైపోయినాడు. పెద్దోళ్ళు చెప్తే, పడవెక్కించి ఈ దర్గాకి తెచ్చింది. దర్గా చూసుకునే సాయిబు అతని కాలికి గొలుసేసి, నలభై రోజులుండమన్నాడు.

రెండు రోజులు ఇక్కడా పస్తే. మూడో రోజు ఈ గడ్డమాయన దాపురించినాడు.

ఆమె గొణుక్కుంటూ పోయి నీళ్ళు తెచ్చేసరికి కంచం ఖాళీ. కామాక్షయ్య మూతి తుడుచుకుంటున్నాడు.

నాగులమ్మకి కళ్ళనీళ్ళు తిరిగినాయి. స్వామి చల్లగా చూసినాడని సమాధికి మొక్కింది.

ఆనాటి నుంచి మొగుడు రోజూ తింటున్నాడు. గడ్డమాయనా రోజూ వేళకి తయారు. ఒక్క ముద్ద తిని, మాటా పలుకూ లేకుండా పోతాడు.

తెచ్చిన బియ్యం అడుగంటినాయి. తను గంజి నీళ్ళతో సరిపెట్టుకుంటోంది. పంతొమ్మిదో రోజు ఇక తట్టుకోలేక, కంచం మీదకొచ్చిన చేతిని గరిటెతో కొట్టింది.

"దుక్కలా ఉన్నావే, పిచ్చోడి కూడు తింటావా?"

ఆయన చేతిని చూసుకున్నాడు. కామాక్షయ్య వైపు చూసినాడు.

"ఒక్క ముద్దేనమ్మా."

"మెతుకు కూడా లేదు. ఇంకోసారి ఈ పక్కకొస్తే ఊరుకోను."

"సరేనమ్మా."

వెళ్ళిపోయినాడు. పీడ విరగడైందనుకుంది నాగులమ్మ.

కామాక్షయ్య కంచం తోసేసినాడు.

"తినయ్యా."

"ఆయనేడీ?"

"ఎవరు?"

"తిని చూపించేవాడు."

నాగులమ్మ కంచం తన వైపు లాక్కుంది. గబగబా ఒక ముద్ద తను తినింది. "చూడు, నాకేమైనా అయిందా?"

"విరుగుడు తాగొచ్చుంటావు. లేకపోతే ఆయన్నెందుకు తరిమినావు? ఈరోజు నిజంగానే కలిపినావు."

సాయిబు పెట్టినా, దోవన పోయేవాళ్ళు పెట్టినా అదే మాట. అందరూ ఆమె మనుషులేనంట.

మూడు రోజులు గడిచినాయి. నాలుగో రోజు కామాక్షయ్య తల కూడా ఎత్తలేదు. అరవడం మానేసినాడు. నాగులమ్మకి ఏడుపు రాలేదు. ఏడవాలని కూడా అనిపించలేదు. అన్నం మీద ఈగలు వాలుతుంటే చూస్తూ కూర్చుంది. ఎప్పటికో లేచి సాయిబు దగ్గరికి పోయింది.

"ఆ గడ్డమాయన ఎక్కడుంటాడు సాయిబూ? కాళ్ళు పట్టుకోనైనా పిలుచుకొస్తా."

"ఎక్కడని చెప్పేది తల్లీ? ఆరోజే మూట తీసుకుని పోయినాడు. రేవులో అడిగించినా. ఏ పడవెక్కినాడో ఎవరికీ తెలీదు."

"ఇక్కడోడే కదా?"

"ఆరేళ్ళ నుంచీ ఇక్కడే ఉన్నాడు. పెళ్ళాం చేతి కూడు తినని గంజాయోడు ఎవడొచ్చినా, మొదటి ముద్ద తను తినేవాడు. అది చూసి వాడు తినేవాడు."

"నాతో ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది?"

"మీవాడి ముందర ఎట్లా చెప్తాడమ్మా? చెప్తే ఇక నమ్ముతాడా?"

సాయిబు దర్గా గోడ నీడ వైపు చూసినాడు.

"జైలు నుంచి నేరుగా ఇక్కడికొచ్చినాడు. గంజాయి మత్తులో, విషం పెట్టిందని పెళ్ళాన్ని చంపేసి, ఆ తర్వాత ఆమె వడ్డించిన అన్నం తిని చూసి, ఏమీ కాలేదని తెలుసుకున్నవాడమ్మా ఆయన."