చివరి రెండు అంగుళాలు

ఏడో నంబరు చుట్ట రెండు దమ్ములు లాగగానే జడ్జీగారు కుర్చీలోంచి దిగ్గున లేచారు.

"ఎవరయ్యా ఇది చుట్టింది? ఎవరా మహానుభావుడు?"

"ఇప్పుడే చెప్పకూడదండీ. పేర్లన్నీ కవర్లలో ఉన్నాయి. నేనూ చూడలేదు" అన్నాడు సెక్రెటరీ.

అది చవక చుట్టల పోటీ. పొడుగాటి బల్ల మీద పన్నెండు చుట్టలు, పన్నెండు బూడిద పళ్లేలు. గెలిచినవాళ్ల చుట్టలు ఏడాది పొడుగునా ఊళ్లో ప్రతి కొట్టూ కొంటుంది. ఇంట్లో కూర్చుని చుట్టలు చుట్టుకునే మనిషికి బతుకే మారిపోతుంది.

నిబంధన ఒక్కటే గానీ గట్టిది. చుట్ట చుట్టినవాళ్లు దాని గురించి జడ్జీతో మంచిగా గానీ చెడ్డగా గానీ ఒక్క ముక్క మాట్లాడినా, ఆ చుట్టని పోటీలోంచి తీసేస్తారు.

జడ్జీగారిని అందరూ వెనకాల 'ముక్కుగారు' అనేవారు. ఆకు ఏ నేలలో పండిందో, ఎన్నాళ్లు ఆరిందో ఒక్క దమ్ముతో చెప్పేసే ముక్కు అది. కోపం కూడా దాని మీదే ఉండేది.

"బూడిద చూడవయ్యా! అంగుళం పెరిగింది, రాలిందా? పైఆకు మీద ఒక్క ముడత ఉందా? ఈ ధరకి ఇంత చుట్టా! ముప్పై ఏళ్లుగా తాగుతున్నాను, ఇలాంటిది తగల్లేదు!"

ఆయన హుషారు చూసి హాలంతా నవ్వేసింది. వెనక వరసల్లోని కొట్లవాళ్లు మెడలు సాచి చూస్తున్నారు.

సగం కాలగానే, ఎప్పటి అలవాటు ప్రకారం, చుట్టని పళ్లెంలో పడేశారు. పెట్టె మీద అచ్చువేసే మాట కోసం కాగితం అందుకుని గబగబా రాసి, పైకి చదివారు.

"మొదటి దమ్ము నుంచి చివరి దమ్ము దాకా ఒకటే తీపి!"

అప్పుడే పళ్లెం తీయడానికి వచ్చిన ఆవిడ చెయ్యి ఆగిపోయింది. నడివయసు మనిషి, చేతిలో బూడిద బకెట్టు.

"అయ్యా, ఆ మాట రాయకండి."

"ఏ మాట?"

"చివరి దాకా అన్నమాటండీ. మీరు సగమే తాగారు కదా."

హాల్లో ఒకరిద్దరు లేచి నిలబడి చూశారు.

"నా ముక్కుకి సగం చాలమ్మా."

"మీకు చాలండీ. చవక చుట్ట కొనేవాళ్లు వేళ్లు చురుక్కుమనేదాకా వదలరు. దీనికి చివరి రెండంగుళాలు చేదెక్కుతుంది. మీ మాట నమ్మి కొన్నవాళ్లు మోసపోతారు."

"నీకెలా తెలుసు?"

ఆవిడ బకెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"తెలుసండీ."

ముక్కుగారి ముక్కు ఎర్రబడింది.

"నిన్నెవరు పంపారు? ఏ నంబరువాడు?"

"ఎవరూ పంపలేదండీ."

"మరి ఏడో నంబరు మీద నీకెందుకమ్మా అంత కక్ష? దీన్ని చుట్టినవాడెవడో, పాపం, బయట వరండాలో ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుని ఉంటాడు. వాడి నోటికాడి కూడు లాగేస్తావా?"

ఆవిడ వంగి పళ్లెంలోంచి ఆ సగం చుట్టని తీసింది.

"ఫిర్యాదు పుస్తకం తియ్యవయ్యా! ఈవిడన్న మాటలు పొల్లుపోకుండా రాయి. నేను సంతకం పెడతాను."

"పోనివ్వండి సార్. పళ్లేలు తీసే మనిషి, ఏదో అంది" అని నసిగాడు సెక్రెటరీ.

"రాయాల్సిందే! ఆ చుట్టకి అన్యాయం జరుగుతుంటే నేను చూస్తూ కూర్చోను!"

సెక్రెటరీ రాశాడు. ముక్కుగారు కాగితం చిరిగేలా సంతకం గీకారు. ఆవిడ ఆ సగం చుట్టని బకెట్టులో వేయకుండా బల్ల అంచున పెట్టి, చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

మిగతా చుట్టలు ఏడో నంబరు ముందు వెలవెలబోయాయి. నూటికి తొంభై ఎనిమిది మార్కులు! హాలు చప్పట్లతో మోగిపోయింది.

ముక్కుగారు గాల్లో తేలిపోతున్నారు.

"చేదట, చేదు! ఇప్పుడే తేల్చేస్తాను చూడండి!"

బల్ల అంచున ఉన్న సగం చుట్టని మళ్లీ వెలిగించారు. ముప్పై ఏళ్లలో పీక దాకా తాగడం ఆయనకి అదే మొదటిసారి.

తీపి. ఇంకా తీపి. చివరి రెండంగుళాల దగ్గర గొంతులో చేదు గుప్పుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

హాలంతా ఆయన్నే చూస్తోంది. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఆవిడ చెప్పింది నిజమే" అన్నారు.

ఆ వెంటనే మళ్లీ హుషారెక్కిపోయింది.

"దమ్ము లాగకుండానే చెప్పిందయ్యా! నా ముక్కు ఆవిడ ముందు దేనికి పనికొస్తుంది? పిలవండి, క్షమించమని అడుగుతాను. వచ్చే ఏడు నా పక్కన ఆవిడకి కుర్చీ వేయాలి! చేదైతే ఏమైంది, మిగతాదంతా అమృతం. పెట్టె మీద ఆ ఒక్క మాట మార్చి రాస్తాను, ఏడో నంబరే గెలిచింది! కవరు విప్పవయ్యా, ఆ అదృష్టవంతుణ్ణి పిలుద్దాం!"

సెక్రెటరీ కవరు చింపాడు. చీటీ ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు.

"పైకి చదువు!"

సెక్రెటరీ చీటీ మడిచాడు. ఫిర్యాదు పుస్తకం మెల్లగా ఆయన ముందుకు జరిపి, ఆయన గీకిన సంతకం మీద వేలు పెట్టాడు.

"ఏడో నంబరుని పోటీలోంచి తీసేయాలి సార్."

"ఎందుకు?"

"దాన్ని చుట్టింది ఆవిడేనండీ."