పేరు లేని మూడు కాగితాలు

లోవీసా బల్ల మీద మూడు దరఖాస్తు కాగితాలు పరిచింది. పేరు, ఊరు, పుట్టిన దేశం, చదివిన బడి, పనిచేసిన ఏళ్ళు, అన్నిటి మీదా నల్ల సిరా గీతలే. పైన ఒకటి, రెండు, మూడు అని అంకెలు మాత్రం వేసి ఉన్నాయి.

"ఇలా సిరా పూసేస్తే మనిషెవరో ఎలా తెలుస్తుంది?" అంది మాయ్‌బ్రిట్.

"తెలియకూడదనే," అంది లోవీసా. ఆ అమ్మాయి హెర్నోసాండ్ పురపాలక సంఘంలో ఉద్యోగ నియామకాలు చూస్తుంది. పేరూ పుట్టుకా చూసి మనుషుల్ని వడబోయకూడదని కొత్తగా పెట్టిన పద్ధతి అది.

మాయ్‌బ్రిట్ బడి వంటశాలలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తోంది. అక్కడ అందరి మీదా పెద్దగా ఉన్నావిడ పదవీ విరమణ చేస్తోంది. కొత్త పెద్దను ఎంచే ముగ్గురిలో సిబ్బంది తరఫున మాయ్‌బ్రిట్ ఒకతె. మిగతా ఇద్దరు లోవీసా, ప్రధానోపాధ్యాయురాలు సిగ్రిద్. ముగ్గురూ ఒక్క మాట మీదికి వచ్చేదాకా కుర్చీలోంచి లేవడం ఉండదు. ఆ ఊళ్ళో ఏ పనైనా అంతే.

మాయ్‌బ్రిట్ మాత్రం ముందే నిర్ణయించుకుని వచ్చింది. పెద్ద కావలసింది గున్వర్. పదిహేడేళ్ళుగా తన పక్కనే నిలబడి బంగాళాదుంపల చెక్కు తీస్తున్న స్నేహితురాలు. దరఖాస్తు పెట్టమని మాయ్‌బ్రిట్ నెల రోజులు ఆమె వెంటపడింది. గున్వర్ ఎప్పట్లాగే ఎదురు చెప్పకుండా సరేనంది. గున్వర్ పెద్ద అయితే వంటశాల ఇప్పుడెలా ఉందో అలాగే ఉంటుంది. అంటే, మాయ్‌బ్రిట్ చెప్పినట్టు ఉంటుంది. బయటివాళ్ళెవరో వచ్చి పడితే తన గతేమిటో తలుచుకోవడానికే ఆమెకు భయం.

సిరా పూసినంత మాత్రాన గున్వర్ మాట తీరు పోల్చుకోలేనా అనుకుంటూ కళ్ళజోడు పెట్టుకుంది.

ఒకటో కాగితం ఓడల్లో పెద్ద పెద్ద భోజనశాలలు నడిపిన మనిషిది. ఆ దేశంలో ప్రతి గురువారం తప్పక పెట్టే బఠాణీ సూప్ మానేసి చేపల వేపుడు పెడతానని ఉంది. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. ఆ కాగితం పక్కకు పోయింది.

రెండోది చదువుతుంటే మాయ్‌బ్రిట్ మొహం విచ్చుకుంది. 'నాకు పెద్దగా ఏమీ రాదు, కాస్త నేర్చుకున్నాను' అని మొదలైంది. గురువారం సూప్, ఆ తరవాత జామ్‌తో పాన్‌కేకులు. తొమ్మిది గంటల కాఫీకి అందరూ వచ్చి కూర్చునేదాకా ఎవరూ కప్పు ముట్టకూడదు. పళ్ళెంలో మిగిలిన ఆఖరి బన్ను ఎవరూ మొత్తంగా తీసుకోరు, సగం కోసుకుంటారు, తరవాతివాళ్ళు ఆ సగంలో సగం. వంటశాల అలవాట్లన్నీ ఉన్నాయి.

"మనవాళ్ళే," అంది. "గొప్పలు చెప్పుకోలేదు చూడండి. ఆఖరి బన్ను సంగతి బయటివాళ్ళకెలా తెలుస్తుంది?"

సిగ్రిద్‌కి మూడోది నచ్చింది. 'ఈ వంటశాలను నేను బాగా నడపగలను' అని మొదటి వాక్యంలోనే ఉంది.

మాయ్‌బ్రిట్ ఉలిక్కిపడింది. "తన గురించి తనే ఇలా రాసుకుంటారా ఎవరైనా? ఈ దేశం మనిషి కాదు సిగ్రిద్, చెప్తున్నా."

"ఇది కూడా విను," అని సిగ్రిద్ పైకి చదివింది. "'గట్టిగా మాట్లాడే ఒక మనిషి పక్కన చాలాకాలం పనిచేశాను. ఒక్కరి మాటే చెల్లే చోట మిగతావాళ్ళ తెలివి మురిగిపోతుంది. నేనొస్తే మొదట అందరి చేతా నోరు విప్పిస్తాను.'"

"పాపం," అంది మాయ్‌బ్రిట్, నిజంగానే జాలిపడి. "ఆ దేశాల్లో అంతేనట. నోరున్నవాళ్ళదే రాజ్యం. ఇక్కడ ఆ బాధ లేదని ఎవరైనా చెప్పండి పాపం."

సిగ్రిద్ కిటికీలోంచి బయటికి చూసింది. లోవీసా చెంచాతో కాఫీ తిప్పింది, అందులో చక్కెర లేకపోయినా.

ఆ తరవాత గంటన్నర గడిచింది. కాఫీ రెండుసార్లు కాచారు. మాయ్‌బ్రిట్ మాట్లాడుతూనే ఉంది. మొదట లోవీసా, ఆమె వెనకే సిగ్రిద్, రెండో కాగితానికి తల ఊపారు.

లోవీసా పేర్లున్న కవరు చింపింది. "రెండు. నిదాల్."

నిదాల్ వంటశాలలో పళ్ళేలు కడుగుతాడు. సిరియా నుంచి వచ్చి తొమ్మిదేళ్ళయింది. కాఫీ బల్ల చివర కూర్చుని అందరి మాటలూ వింటూ ఉంటాడు.

సిగ్రిద్ నవ్వు ఆపుకోవడానికి రుమాలు వెతుక్కుంది. మనవాళ్ళే అన్నది ఎవరో ముగ్గురికీ గుర్తుంది. లోవీసా దాన్ని రాసి కూడా పెట్టుకుంది.

మాయ్‌బ్రిట్ మెల్లగా తేరుకుంది. ఆలోచిస్తే కోపం రావడం లేదు. నిదాల్ మంచివాడే, చెబితే వింటాడు కూడా. కోపమల్లా గున్వర్ మీద. అంత చెప్పినా గడువు దాటిపోనిచ్చి ఉంటుంది.

"ఒకటోది ఓడల మనిషిది," అంది. "మరి గున్వర్ అసలు దరఖాస్తే పెట్టలేదా?"

లోవీసా పేర్ల చీటీని ఆమె వైపు తిప్పింది.

మూడో కాగితం గున్వర్‌ది.