ఒంటి మనిషి పేకాట

మూట చంకన పెట్టుకుని వార్డు వరండా దాటుతున్న తిమ్మప్ప కాళ్ల ముందు ఒక పేక ముక్క వచ్చి పడింది.

గాలికి ఎగిరింది. ఎర్ర ఏడు.

"అప్పా, దాన్ని ఇట్ల అందియ్యి," అన్నాడు బెంచీ మీద పెద్దాయన. మెడకు మఫ్లరు. పేరు అబ్దుల్ రహీం, పుంగనూరు మనిషి.

తిమ్మప్ప ఇచ్చి పోబోయాడు.

"ఇది యాడ పెట్టల్లో చెప్పి పో."

"నీతో ఆడేటోళ్లు యాడ?"

"ఎవురూ లేరు. నేనొకడే."

"ఒకడే ఆడితే గెలిచేది ఎవుర్నప్పా?"

తిమ్మప్ప నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. నిలవలేక కూర్చున్నాడు.

బెంచీ మీద ఏడు వరసలు. నల్లదాని మీద ఎర్రది, ఎర్రదాని మీద నల్లది, అంకె ఒక్కొక్కటే తగ్గుతూ రావాలి. పైముక్క జరిగితేనే కింద మూసి ఉన్నది తెరవాలి.

"నల్ల ఎనిమిది ఈడుండాదే! దీని మీద పెట్టు."

పెట్టాడు. మూసిన ముక్క తెరుచుకుంది. రాణి.

తిమ్మప్ప మూట కింద పెట్టాడు.

ఆట ముగిసేసరికి కుప్పం బస్సు పోయింది. రోజుకు అదొక్కటే.

అది 1976 జూన్. మదనపల్లె దగ్గరి క్షయ ఆసుపత్రి. తిమ్మప్పకు తొంభై సూదులు రాశారు. పడినవి ఇరవై రెండు. వాన పడింది, చెనిక్కాయ విత్తాలని భార్య అంజమ్మ జాబు రాయించింది. సగంలో పోయినవాళ్లు బతకరని నర్సు విజయమ్మ మొత్తుకుంటూనే ఉంది.

మరునాడూ మూట కట్టాడు. మరునాడూ బెంచీ దగ్గర ఆగాడు.

మొదట్లో మూసిన ముక్కల అంచు ఎత్తి చూసేవాడు.

"ఎవుర్ని మోసం చేస్తాండావప్పా? ఆగల్ల. దాని టయానికి అదే తెలుస్తాది," అనేవాడు రహీం.

నలభయ్యో సూది నాడు ఆట కుదరలేదు. తిమ్మప్ప ముక్కలు విసిరికొట్టాడు.

"నీకేం సాయిబూ! ఇంటి మీద యావ లేనోడివి. ఈడనే కుళ్లిపో. నాకు పెండ్లాం బిడ్డలుండారు!"

రహీం వంగి ఒక్కొక్క ముక్కే ఏరుకున్నాడు. యాభై రెండూ చూసుకుని, కలిపి, మళ్లీ పరిచాడు.

"రా అప్పా. మొదటిది నువ్వే తెరువు."

చేను బావమరిది విత్తాడని ఆ వారమే ఇంకో జాబు వచ్చింది.

తొంభయ్యో సూది పడింది. ఎక్స్‌రే తేటగా వచ్చింది. ఆ మాట చెప్పాలని తిమ్మప్ప వరండాకు పరుగెత్తాడు. పరుగెత్తినా దగ్గు రాలేదు.

బెంచీ ఖాళీ.

"సాయిబు యాడమ్మా?"

"నీ ఎక్స్‌రే బాగుండాదని వినినాడు. పొద్దున్నే పుంగనూరు పోయినాడు," అంది విజయమ్మ.

"మా బస్సు ఆ ఊరి మీదనే గదా. దిగి, ఆ పొద్దు అన్నదానికి తప్పు ఒప్పుకొని పోతా. ఆయనకూ నయమైందా అమ్మా?"

"ఆయనకు జబ్బు యాడిదప్పా? పోయిన యేడు నీ మంచం మీదనే ఉండి, సూదులు సగంలో ఇడిసి గోడ దూకి పోయి, ఇంటికాడ కన్నుమూసిన గఫూరు ఆయన కొడుకు."