నాలుగు గెంతులు

కుంట గట్టుకు చిన్న గండి పడింది. జెల్లచేప తన పిల్లల్ని వెంటేసుకుని కప్పల సభకు ఈదుకుంటూ వచ్చింది.

"కాస్త బురద వేసి పూడ్చండయ్యా, నీళ్లు పోతున్నాయి."

ఆ సభకో ఆనవాయితీ ఉంది. తూర్పుగట్టు కప్ప నోరు తెరిస్తే పడమటిగట్టు కప్పలన్నీ బెకబెకమంటూ లేవాలి. అవి మాట్లాడితే ఇవి లేవాలి. గోల మిన్నంటగానే పెద్దకప్ప, "సభ రేపటికి వాయిదా" అనేది.

రేపు రేపంటూనే కుంట అడుగంటింది. గేదె గిట్ట దిగిన గుంటలో పిల్లల్ని పొట్టకింద దాచుకుని జెల్లచేప మళ్లీ అడిగింది.

"అయ్యా, గండి?"

ఆ రోజు ఒక్క కప్పా అరవలేదు. పక్క చెరువుకు మారిపోదామన్న తీర్మానం క్షణంలో నెగ్గింది.

గెంతబోయిన పెద్దకప్ప ఆగి, ఎంతో ఆప్యాయంగా అంది.

"నువ్వూ రా తల్లీ. ఎంత, నాలుగు గెంతులే!"